ఆఖరి రౌండు ఏనుగుల ఎండింగు: నేను డ్రా అనుకున్నాను, తప్పెక్కడో చెప్పండి

పంటుమీదబంటు | ఆదివారం రాత్రి 10:05

అందరికీ నమస్కారం అండి. భీమవరంలో చెస్ రేటింగు టోర్నీ ఈ రోజుతో ముగిసింది. ఏడు రౌండ్లది, ఒక్కొక్కరికి గంటన్నర టైము, ఎత్తుకి 30 సెకన్లు కలుస్తాయి. ఆరు రౌండ్లయ్యేసరికి 5 పాయింట్లతో ముగ్గురం. మొదటి బోర్డు మీద నాకు పడింది ఎవరనుకున్నారు? ఇక్కడ 'లాకులకాడ' పేరుతో రాసే మనవాడే. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం, ఒకే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి తిరిగాం, ఇప్పటికీ వాడూ నేనూ సమ ఉజ్జీలం. రేటింగు నాది 1684, వాడిది 1679. నా పాత డైరీ లెక్కలో ఈ రోజుదాకా 40 ఆటలు: నాకు 9, వాడికి 9, మిగతా 22 డ్రా. ఈ రోజుతో 23.

ఓపెనింగు చెప్పుకోవాల్సిందేం లేదు. ఇటాలియనే, నేనేం వేస్తానో వాడికి తెలుసు, వాడేం వేస్తాడో నాకు తెలుసు. పన్నెండు ఎత్తులు కాఫీ తాగుతూ వేశాం. 23వ ఎత్తుకి మంత్రులు పోయాయి. 40 దాటాక వాడో బంటు వదిలేశాడు. చివరికి మిగిలింది ఇదీ (ఎ నుంచి ఎచ్ దాకా నిలువు వరుసలు, 1 నుంచి 8 దాకా అడ్డ వరుసలు):

తెలుపు (నేను): రాజు ఎఫ్5, ఏనుగు ఎ3, బంటు ఇ4.
నలుపు: రాజు ఇ7, ఏనుగు డి6.

58వ ఎత్తు, ఆడాల్సింది నేను. నా గడియారంలో రెండు నిమిషాలు, వాడికి నలభై సెకన్లు. ఏనుగుని ఎ7కి తెచ్చి చెక్ ఇచ్చాను. వాడు డి7లో ఏనుగు అడ్డం పెట్టాడు. ఏనుగులు మార్చుకుంటే బంటు ఎండింగు డ్రా అని నేను వెనక్కి ఎ1కి వెళ్లిపోయాను. వాడు మళ్లీ డి6. నేను మళ్లీ ఎ7 చెక్, వాడు మళ్లీ డి7, నేను ఎ1, వాడు డి6. 62లో మూడోసారి చెక్ ఇవ్వగానే వాడు గడియారం ఆపి, అదే పొజిషను మూడోసారి వచ్చిందని ఆర్బిటర్ని (రిఫరీని) పిలిచాడు. డ్రా.

ఇద్దరికీ 5.5. రెండో బోర్డు మీద పదమూడేళ్ల కుర్రోడు గెలిచి 6తో కప్పు పట్టుకుపోయాడు. ఇంటికొచ్చినా నిద్ర పట్టట్లేదండి. ఎక్కడో ఏదో ఉందనిపిస్తోంది.

కొబ్బరాకు | ఆదివారం రాత్రి 10:31

నిద్ర పట్టకపోవడానికి కప్పే కారణం బాబాయ్, ఎండింగు కాదు.

ఇంజినుబాబు | ఆదివారం రాత్రి 10:48

అన్నయ్యా, కూర్చున్నారా? కూర్చోకపోతే కూర్చోండి.

బోర్డు మీద ఉన్నవి ఐదే పావులు. ఏడు పావుల దాకా టేబుల్‌బేసులో (ముందే లెక్కకట్టి పెట్టిన పట్టికలో) ప్రతి పొజిషనుకీ జవాబు ఖాయంగా ఉంది, ఇంజిను (చెస్ ప్రోగ్రాము) ఆలోచించాల్సిన పని కూడా లేదు. అది చెప్పేదిదీ: మీరు చెక్ ఇచ్చేదాకా డ్రా. ఆయన డి7లో ఏనుగు పెట్టగానే తెలుపు గెలుపు. మీరు ఎ1కి వెళ్లగానే మళ్లీ డ్రా. ఇదంతా రెండుసార్లు జరిగింది.

అంటే ఆయన రెండుసార్లు ఓడిపోయే ఎత్తు వేశారు, మీరు రెండుసార్లు క్షమించేశారు.

పంటుమీదబంటు | ఆదివారం రాత్రి 10:52

ఏనుగులు కొట్టుకుంటే నల్లరాజు డి7లో ఉంటాడు. నేను రాజుని ఇ5కి తెస్తే వాడు ఇ7కి వచ్చి ఎదురుగా నిలబడతాడు. అపోజిషను వాడిది, అంటే దారివ్వాల్సింది నేనే. నేను డి5, వాడు డి7. నేను ఇ5, వాడు ఇ7. పొద్దున్నదాకా అంతే కదా?

ఇంజినుబాబు | ఆదివారం రాత్రి 10:57

ఇ5కి ఎందుకెళ్లారు? ఎఫ్6కి వెళ్లండి.

పంటుమీదబంటు | ఆదివారం రాత్రి 11:20

(ఇరవై నిమిషాలు బోర్డు ముందు కూర్చుని వచ్చాను.)

తస్సాదియ్యా.

కొత్తగా_నేర్చుకుంటున్నా | సోమవారం ఉదయం 6:15

నాకర్థం కాలేదండి. రాజు బంటుని వదిలేసి పక్కకి పోతే నల్లరాజు వచ్చి దాన్ని తినేయడా? డి6కి వచ్చేస్తాడు కదా?

గోదారిగట్టు | సోమవారం ఉదయం 7:40

నీ సందేహమే నిన్న మొదటి బోర్డు మీద ఇద్దరికీ వచ్చుంటుంది తమ్ముడూ, సిగ్గుపడకు. బోర్డు పెట్టుకుని చూడు.

తెల్లరాజు ఎఫ్6, బంటు ఇ4, నల్లరాజు డి7. నల్లరాజు నువ్వన్నట్టు డి6కి వచ్చాడనుకో, బంటు ఇ5కి నడిచి చెక్ చెబుతుంది. ఆ బంటుకి ఎఫ్6 రాజు కాపలా, తినడానికి లేదు. రాజు డి7కి వెనక్కి పోవాలి. అప్పుడు తెల్లరాజు ఎఫ్7కి వెళ్తాడు. ఇ6, ఇ7, ఇ8 మూడు గళ్లూ ఇప్పుడు తెల్లరాజు చేతికింద ఉన్నాయి. బంటు దర్జాగా నడిచి మంత్రి అయిపోతుంది.

డి6కి రాకుండా ఇ8కి పోతే? తెల్లరాజు ఇ6. నల్లరాజు ఏదో ఒక పక్కకి తప్పుకోవాలి, తప్పుకున్న వైపుకి ఎదురు వైపునుంచి తెల్లరాజు దూరతాడు. డి8కి పోతే ఎఫ్7, ఎఫ్8కి పోతే డి7. మొదటే డి8కి పోయి ముడుచుక్కూర్చున్నా ఎఫ్7తో పనైపోతుంది.

ఇ4 బంటుకి కీలకం మూడు గళ్లు: డి6, ఇ6, ఎఫ్6. వాటిలో ఏదో ఒకదానిలో తెల్లరాజు కాలు పెడితే చాలు, ఎవరి ఎత్తయినా గెలుపే. పంటు బాబు ఇ5కే వెళ్దామనుకున్నాడు. ఇ5 బంటు ముందే ఉంది గానీ ఆ మూడింటిలో లేదు.

కొబ్బరాకు | సోమవారం ఉదయం 8:02

భీమవరంలో రాజు గారిని పక్కకి జరగమనడం అంత తేలికా ఏంటండీ.

శకటు_వీరుడు | సోమవారం ఉదయం 8:30

ఒక చిన్న మనవి. మా తాతగారు ఇంటి అరుగు మీద ఆడినప్పుడు బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది, రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు, క్యాస్లింగు (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) అనే మాటే లేదు. ఆ ఆట నేర్చుకుని టోర్నీకెళ్తే మొదటి రౌండులోనే ఆర్బిటరు చెయ్యి పట్టుకున్నాడు.

గోదారిగట్టు | సోమవారం ఉదయం 8:44

శకటు గారూ, మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ముందు మన దేశవాళీ నియమాలతోనే ఆడి, తర్వాత అంతర్జాతీయ నియమాలు నేర్చుకున్నాడు. 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియను. 2024లో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదిచ్చింది, పోయిన ఇన్నేళ్లకి. మీ తాతగారి అరుగుని తక్కువ చెయ్యకండి. కానీ ఇప్పుడు ఎఫ్6 సంగతి చూద్దాం.

పాలకొల్లు_గడియారం | సోమవారం ఉదయం 9:10

నేను ఎండింగు గురించి మాట్లాడను, నాకంత రాదు. డ్రా అడిగిన పద్ధతి గురించి ఒక ప్రశ్న. మూడుసార్లు రావాలంటే వరసగా రావాలి కదా? మధ్యలో వేరే ఎత్తులున్నాయి. పైగా మొదటిసారి ఏనుగు ఎ3 నుంచి వచ్చింది, తర్వాత ఎ1 నుంచి. ఆర్బిటరు ఎలా ఒప్పుకున్నాడు?

ఇంజినుబాబు | సోమవారం ఉదయం 9:25

వరస అక్కర్లేదండి. ఏ దారిన వచ్చారన్నదీ అక్కర్లేదు. పావులు అవే గళ్లలో ఉండాలి, ఎత్తు అదే మనిషిది కావాలి, వేయగలిగిన ఎత్తులు అవే ఉండాలి. 58, 60, 62... మూడుసార్లూ చెక్ ఇచ్చాక పొజిషను ఒకటే, ఆడాల్సింది నలుపే. కాబట్టి ఆయన అక్కడికక్కడే అడగొచ్చు. తాను వేయబోయే ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే మాత్రం దాన్ని బోర్డు మీద వేయకుండా ఎత్తులు రాసుకునే షీటు మీద రాసి ఆర్బిటర్ని పిలవాలి. పావు ముట్టుకున్నామా, ఆ ఎత్తుకి ఆ హక్కు పోయినట్టే. తప్పుగా అడిగితే అవతలివాడికి రెండు నిమిషాలు కలుపుతారు.

ఎవరూ అడక్కపోయినా అదే పొజిషను ఐదోసారి వస్తే ఆట దానంతటదే డ్రా.

గోదారిగట్టు | సోమవారం ఉదయం 9:31

షీటు పూర్తిగా ఉండాలి కూడా. 30 సెకన్లు కలిసే ఆటలో టైము ఎంత తక్కువున్నా రాయడం మానకూడదు. నలభై సెకన్లతో కొట్టుకుంటూ లాకులకాడ 62 ఎత్తులూ రాశాడంటే అందుకే ఆయన మాట చెల్లింది.

అనుమానం | సోమవారం ఉదయం 11:05

నేను సూటిగా అడుగుతా. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. బంటు ఎక్కువున్నవాడు రెండుసార్లు వెనక్కి పోయాడు. చూసేవాళ్లకి ఎలా కనబడుతుంది?

పంటుమీదబంటు | సోమవారం ఉదయం 11:12

ముందే మాట్లాడుకున్నవాళ్లం అయితే 15 ఎత్తుల్లో చేతులు కలిపేసి టిఫినుకి పోయేవాళ్లం కదండీ. దాదాపు నాలుగు గంటలు ఎందుకు చెమటోడుస్తాం? పైగా ఇద్దరికీ కప్పు పోయింది. ఇలాంటి కుమ్మక్కు ఎక్కడైనా విన్నారా?

లాకులకాడ | సోమవారం మధ్యాహ్నం 1:20

ఇప్పుడే చూశాను. అనుమానం గారూ, మీరేమనుకున్నా పర్లేదు గానీ నా సంగతి వినండి.

ఆ మండపంలో టోర్నీకి ముందు పెళ్లి అయింది. స్టేజీ వెనక ఇంకా మల్లెపూల దండలు వాడి వేలాడుతున్నాయి, సాంబారు వాసన పోలేదు. ఫ్యాను గాలికి నా షీటు కింది కార్బన్ కాపీ లేచి లేచి పడుతుంటే గడియారం అంచు కింద నొక్కిపెట్టాను. నా నల్ల ఏనుగు అడుగున అట్ట ఊడిపోయింది, ఎక్కడ పెట్టినా టక్కుమని మోగి కొంచెం వాలి నిలబడేది. 58లో చెక్ రాగానే నా చెయ్యి రాజు మీదికి పోబోయింది. రాజుని ఇ8కి దింపి, ఏనుగుని ఆరో వరుసలో కాపలా ఉంచడం నాకు వచ్చు. ఫిలిడార్ డిఫెన్సు, చిన్నప్పటినుంచీ వచ్చు. నలభై సెకన్లే ఉన్నాయి. ఏనుగులు మార్చేస్తే ఇంకా తేలిగ్గా డ్రా, రాజులిద్దరూ ఎదురెదురుగా నిలబడతారు, నేనింక ఆలోచించక్కర్లేదు, అనిపించింది. డి7, టక్.

పెట్టాక భయం కూడా వేయలేదు. అదీ అసలు సంగతి. ఓడిపోయే ఎత్తు వేసి, హమ్మయ్య అని వెనక్కి వాలాను. వాడు తల గోక్కుని ఏనుగు తీసుకుని వెనక్కి పోయాడు. నాకు ఒక్క క్షణం కూడా వింతనిపించలేదు. వాడి స్థానంలో నేనున్నా వెనక్కే పోతాను.

గోదారిగట్టు | సోమవారం మధ్యాహ్నం 1:48

లాకులకాడ ఆఖర్న చెప్పింది మళ్లీ చదవండి అందరూ. సమ ఉజ్జీలంటే బలం సమానం అనుకుంటాం. ఇక్కడ గుడ్డితనం సమానం. ఒకడి తప్పు రెండోవాడికి కనబడితే ఒకడు గెలుస్తాడు, 9–9 కాస్తా 10–9 అవుతుంది. ఇద్దరికీ ఒకే చోట కన్ను లేకపోతే 23వ డ్రా. ఆ డైరీలో మిగతా 22లో ఇలాంటివి ఎన్నున్నాయో దేవుడికెరుక.

ఇంజినుబాబు | సోమవారం మధ్యాహ్నం 2:03

షీట్లు ఉంటే ఫొటో పెట్టమనండి, నేను చూసి చెబుతా.

పంటుమీదబంటు | సోమవారం మధ్యాహ్నం 2:05

వద్దు. కొన్నేళ్లు బతకాలి.

ఇంజినుబాబు | సోమవారం మధ్యాహ్నం 2:15

సరే, రేటింగు లెక్కయినా చెబుతా. 5 పాయింట్ల తేడాకి ఫిడే పట్టికలో పెద్ద రేటింగున్నవాడికి 0.51 రావాలి. ఇద్దరికీ కె (రేటింగు ఎంత మారాలో తేల్చే గుణకం) 20 అనుకుంటే, డ్రా వల్ల పంటు అన్నయ్యకి 0.2 పోయింది, లాకులకాడ అన్నయ్యకి 0.2 వచ్చింది. ఎఫ్6 కనబడుంటే పంటు అన్నయ్యకి 9.8 వచ్చేది.

కొబ్బరాకు | సోమవారం మధ్యాహ్నం 2:20

0.2తో పూతరేకు ముక్క కూడా రాదు.

పాతపేపరు | సోమవారం సాయంత్రం 4:40

సమ ఉజ్జీల మాట వచ్చింది కాబట్టి. కార్పోవ్, కాస్పరోవ్ ఐదు ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచుల్లో 144 ఆటలాడారు. కాస్పరోవ్‌కి 21, కార్పోవ్‌కి 19, డ్రా 104. 1984లో మొదలైన మొదటి మ్యాచ్ 48 ఆటలయ్యాక 1985 ఫిబ్రవరిలో తేలకుండానే ఆపేశారు, అందులో 40 డ్రాలు. 2018లో కార్ల్‌సన్, కరువానా 12 క్లాసికల్ (ఎక్కువ టైము) ఆటల్లో పన్నెండూ డ్రాయే. వాళ్లతో పోలిస్తే మన పంటు, లాకులు రక్తపాతం చేస్తున్నట్టే లెక్క.

మన కోనేరు హంపి ఉంది కదా, గుడివాడ అమ్మాయి. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనలు దివ్యా దేశ్‌ముఖ్‌తో. క్లాసికల్ రెండూ డ్రా, ర్యాపిడ్ (తక్కువ టైము) మొదటిదీ డ్రా, రెండో ర్యాపిడ్‌లో గానీ తేలలేదు. ఆ రోజు మా వీధిలో ఇద్దరమే చూశాం, కరెంటు పోతే ఫోన్‌లో.

శకటు_వీరుడు | సోమవారం సాయంత్రం 5:02

అసలు ఉదాహరణ మర్చిపోయారు పేపరు గారూ. 2024 డిసెంబరు 12, సింగపూరు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుకేశ్–డింగ్ పద్నాలుగో ఆట. స్కోరు 6.5–6.5. బోర్డు మీద ఏనుగులు, శకట్లు ఉన్నాయి, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, డ్రా అవుతుందనే అందరూ అనుకుంటున్నారు. డింగ్ 55వ ఎత్తులో ఏనుగుని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాక గుకేశ్ శకటుని డి5లో పెట్టి అవీ మార్పించేశాడు. మిగిలిన బంటు ఎండింగులో డింగ్ 58తో చేతులెత్తేశాడు. అప్పటి ప్రపంచ ఛాంపియనే, మార్చేసుకుంటే తేలిపోతుందనుకుని మార్చాడు.

లాకులకాడ | సోమవారం సాయంత్రం 5:10

నన్ను డింగ్ లీరెన్‌తో పోల్చినందుకు ధన్యవాదాలు. ఇంట్లో చెప్పుకుంటాను.

పందెంపుంజు | సోమవారం సాయంత్రం 5:35

మా సంక్రాంతి బరిలో డేగనీ కాకినీ (పుంజుల రకాలు) దింపే ముందు బరువు చూసి సమంగా ఉంటేనే వదుల్తారు. కానీ ఒకే గంప కింద పెరిగిన రెండింటిని ఎదురెదురు వదిలితే చూడండి, చాలాసేపు కొట్టుకోవు. మీ ఇద్దరూ అంతే.

అనుమానం | సోమవారం సాయంత్రం 5:50

సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కుమ్మక్కు కాదు. ఒక ప్రశ్న మాత్రం ఉంది. పంటు గారు సఖినేటిపల్లి వాళ్లు కదా, చీకటి పడితే నరసాపురం రేవు దాటడం ఇబ్బంది. ఆ తొందర లేదా?

పంటుమీదబంటు | సోమవారం రాత్రి 7:15

ఉందండి. అబద్ధమెందుకు. 58వ ఎత్తప్పుడు కిటికీలోంచి ఎండ ఎర్రబడటం చూశాను. పంటు తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కానీ ఏనుగులు మార్చేసి ఆడితే ఇంకా తొందరగా తేలేది కదా? మార్చనిది తొందరవల్ల కాదు. మార్చితే గెలుపు పోతుందేమోనని, ఏనుగులుంటే వాడు ఇంకో తప్పు చేస్తాడేమోనని ఆశ. వాడు అప్పటికే తప్పు చేసి కూర్చున్నాడు.

లాకులకాడ | మంగళవారం ఉదయం 8:20

నిన్న రాత్రి మేస్టారికి ఫోన్ చేశాను. మా ఇద్దరికీ నేర్పింది ఆయనే. ఎనభై దాటాయి, చెవి సరిగ్గా వినబడదు, పొజిషను రెండుసార్లు అరిచి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇద్దరూ ఇ5కే పోదామనుకున్నార్రా?" అన్నారు.

"మీరే కదండీ చెప్పారు, రాజు బంటుకి ముందు నడవాలని" అన్నాను.

"ముందు అంటే ముక్కుకి ఎదురుగా ఒక్క గడి అనుకున్నారా? చింతపిక్కలు ఎన్ని పెట్టాను?"

పంటుమీదబంటు | మంగళవారం ఉదయం 8:31

ఒరేయ్.

చింతపిక్కలు!

లాకులకాడ | మంగళవారం ఉదయం 8:33

గుర్తొచ్చిందా?

పంటుమీదబంటు | మంగళవారం ఉదయం 8:50

తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. మేస్టారింటి వరండాలో చాప మీద ఆడేవాళ్లం. ఒకరోజు బోర్డు మీద ఒక బంటు పెట్టి, దానికి ఒక గడి వదిలి ఆ పైన వరుసలో మూడు చింతపిక్కలు పెట్టారు. ఏటవాలుగా అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి. రాజుని వీటిలో ఏదో ఒకదాని మీద కూర్చోబెట్టండి, మిగతాది నేను చూసుకుంటా అన్నారు. మేమిద్దరం కాసేపు ఆడి, ఆ పిక్కలు పట్టుకుపోయి అష్టాచెమ్మాకి వాడేసుకున్నాం. పిక్కలు గుర్తున్నాయి. నల్లగా, ఒకదానికి పక్కన చిన్న చీలిక కూడా గుర్తుంది. ఎందుకు పెట్టారో మాత్రం ఇద్దరం ఒకేలా మర్చిపోయాం. మధ్య పిక్క ఒక్కటే బుర్రలో ఉండిపోయింది, అదీ ఒక గడి కిందికి జారి.

కొత్తగా_నేర్చుకుంటున్నా | మంగళవారం ఉదయం 9:15

నేను ఇప్పుడే పెట్టి చూశానండి, చింతపిక్కలు లేక శనగలు పెట్టాను. ఇ4 బంటుకి డి6, ఇ6, ఎఫ్6. మా చెల్లి నల్లరాజు ఆడింది. నాలుగుసార్లూ నేనే గెలిచాను.

ఇంజినుబాబు | మంగళవారం ఉదయం 9:22

మొదటి బోర్డుకి పంపాల్సింది ఇతన్ని.

గోదారిగట్టు | మంగళవారం ఉదయం 9:40

కొత్త తమ్ముడూ, ఇప్పుడు బంటుని ఎ4లో పెట్టి అదే ప్రయత్నించు. అంచు బంటుకి శనగల లెక్క వేరే. చెల్లి మూలకి చేరిపోతే నువ్వు గెలవలేవు. అది చూశాక వచ్చి చెప్పు, ఇంకో చర్చ మొదలుపెడదాం.

లాకులకాడ | మంగళవారం ఉదయం 10:02

పంటూ, ఆదివారం మా వైపు రా. 58వ ఎత్తునుంచే పెడదాం. ఈసారి తెలుపు నాది.

పంటుమీదబంటు | మంగళవారం ఉదయం 10:06

వస్తా. గడియారం నువ్వు పెట్టు, నాదాంట్లో బ్యాటరీ అయిపోయింది. ఆ అట్ట ఊడిన ఏనుగు ఇచ్చావో, ఆడను.